గడప అవతలి నైదర్, నార్

నా జీవితంలో నేను ఒకే ఒక్క మనిషికి సరిగ్గా ఇంగ్లీషు నేర్పాను. ఆ మనిషికి అప్పటికే నలభై ఏడేళ్ళు, బోడినెత్తి, చిత్తూరు బజారువీధిలో ఒక చిల్లరంగడి. నేర్పింది కూడా ఇంగ్లీషంతా కాదు, అందులో లేదని, కాదని చెప్పడానికి పనికొచ్చే నాలుగైదు మాటలు మాత్రమే. ఆ నాలుగైదు మాటలకు నెల రోజులు పట్టింది. నా చెప్పులు ఒక జత అరిగిపోయాయి.

ముందు నా సంగతి చెప్పాలి. మాది తిరుపతి. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజుల్లో బి.ఏ. ప్యాసై, చిత్తూరులో ఒక హైస్కూల్లో మూడు నెలలు ఇంగ్లీషు అయ్యవారిగా ఉన్నాను. అసలు అయ్యవారికి కామెర్లు వచ్చి సెలవు పెడితే ఆ చోట్లో నన్ను కూర్చోబెట్టారు. ఆయనకు అంత తొందరగా నయం కాకూడదని నేను మనసులో కోరుకున్న మాట నిజం. ఆయన శుభ్రంగా కోలుకొని, మునుపటికంటే కాస్త ఒళ్ళు చేసి మరీ తిరిగి వచ్చాడు. నేను చేసిన పాపానికి అలిపిరి నుంచి కొండ నడిచి ఎక్కి లెంపలు వేసుకొని, మళ్ళీ చిత్తూరు చేరి అక్కా బావా వాళ్ళింట్లో పడ్డాను. పని లేదు కానీ గ్రామరు గర్వం మాత్రం తగ్గలేదు. ఎవరైనా ఒక ఇంగ్లీషు వాక్యంలో రెండు 'లేదు'లు పెడితే నాకు అన్నం సహించేది కాదు. బావ ఇది కనిపెట్టి, నేను విస్తరి ముందు కూర్చోగానే "ఐ డోంట్ నో నథింగ్" అని గోడకు చెప్పేవాడు. నేను చెయ్యి కడుక్కొని లేచిపోయేవాణ్ణి. అక్క ఆయన్ను తిట్టి, నన్ను బతిమాలి మళ్ళీ కూర్చోబెట్టేది.

ఆ బావే ఒక పొద్దున, నేను మొదట చెప్పిన చిల్లరంగడి సావుకారును వెంటబెట్టుకొని వచ్చాడు. సావుకారు గుమ్మంలోనే నిలబడి, చేతిలో ఉన్న బెల్లం ముద్ద నాకిచ్చాడు.

"అయ్యోరా, లేదని ఇంగ్లీసులో ఎట్ల సెప్పాల్నో నాకు నేర్పియ్యాల. నెలలోపల నేర్పియ్యాల" అన్నాడు.

"దానికి నెలెందుకు సావుకారూ? నో అంటే సరిపోతుంది."

"అది నాకూ దెలుసు. అంత మొరటుగా వద్దు. సెప్పీ సెప్పనట్ల ఉండాల. మా అమ్మ యిన్నా గూడా ఏమనగూడదు."

అప్పుడు విషయమంతా చెప్పాడు. అంగట్లో లేదు అనకపోవడం మా వైపు చాలామందికి ఉన్న అలవాటే. ఉప్పు అయిపోతే రేపొస్తుందంటారు, దీపం ఆరితే కొండెక్కిందంటారు. కానీ ఈ సావుకారు అంగట్లో అది అలవాటు కాదు, చట్టం. చట్టం చేసింది ఆయన తల్లి. బజారువీధంతా ఆమెను అవ్వ అనే పిలిచేది. ఎనభైకి దగ్గర పడిన మనిషి. అంగడి గడప లోపల గోనెపట్టా పరుచుకొని, ముందర బొరుగుల చేట, అంటే మరమరాల చేట, పెట్టుకొని పొద్దుటినుంచి దీపాలు పెట్టేదాకా కూర్చునేది. ఆ గడప లోపల ఎవరి నోటా లేదు అనే మాట రాకూడదు. మూటకానీ డబ్బాకానీ అడుగు కనపడకూడదు. సరుకంతా అమ్ముడైపోయినా అందులో గుప్పెడు మిగిల్చి మూత పెట్టాలి. ఆ గుప్పెడు రాజు వచ్చి అడిగినా అమ్మకూడదు.

అప్పట్లో చక్కెరకూ కిరసనాయిలుకూ కంట్రోలు, సర్కారు పంపినంతే సర్కారు ధరకే అమ్మాలి. ఆ వీధికి కంట్రోలు సరుకు ఇచ్చే లైసెన్సు ఈ అంగడిదే. కొత్తగా వచ్చిన కంట్రోలు ఆఫీసరు ఉత్తరాది మనిషి, తెలుగూ రాదు, అరవమూ రాదు. ఒకరోజు చెప్పాపెట్టకుండా గుమాస్తాను వెంటబెట్టుకొని అంగట్లోకి వచ్చి, చక్కెర ఉందా అని అడిగాడు. సరుకు రాక అప్పటికి పది రోజులైంది.

"రేపొస్తాది సామీ" అన్నాడు సావుకారు.

"టుమారో, సర్" అన్నాడు గుమాస్తా. చెప్పింది చెప్పినట్టు తర్జుమా చెయ్యడమే తప్ప, తన నోటినుంచి ఒక్క మాట ఎక్కువ వస్తే ఉద్యోగం పోతుందని భయపడే మనిషి అతను.

ఈరోజు ఉందా అని అడిగాడు ఆఫీసరు.

"కొత్త బెల్లం ఉండాది సామీ, శానా బాగుంటాది."

"గుడ్ జాగరీ, సర్."

నేను బెల్లం అడగలేదు, చక్కెర ఉందా లేదా అన్నాడు ఆఫీసరు. అవ్వ పక్కనే కూర్చొని చూస్తోంది.

"ఎండన పడి వచ్చినారు, మజ్జిగ తాగతారా సామీ?"

"బటర్‌మిల్క్, సర్."

ఆఫీసరు తనే చక్కెర మూట మూతి విప్పి చెయ్యి పెట్టాడు. గుప్పెడు చక్కెర వచ్చింది. మరి ఇదేమిటన్నాడు. అది అమ్మేది గాదు సామీ అన్నాడు సావుకారు. గుమాస్తా అది కూడా ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెట్టాడు. దాంతో ఆఫీసరుకు పూర్తిగా అర్థమైపోయింది: ఈ మనిషి సరుకు దాచి దొంగచాటుగా అమ్ముకుంటున్నాడు. నెల తర్వాత మళ్ళీ వస్తాను, ఈ గుమాస్తా మాటతో నాకు పని లేదు, ఉందో లేదో నీ నోటితో నాకు అర్థమయ్యే భాషలో తిన్నగా చెప్పాలి, అప్పుడూ ఇలాగే నాన్చితే లైసెన్సు వేరే అంగడికి పోతుందని చెప్పి వెళ్ళిపోయాడు.

"లైసెన్సు పోతే అంగడికి మనిషి రాడు. అమ్మ కండ్ల ముందరే తలుపులు మూసుకోవాల" అన్నాడు సావుకారు. వెళ్ళబోయి వెనక్కి తిరిగి, "పొయ్యేముందర థీఫు అన్నాడయ్యోరా. ఆ మాట నాకు దెలుసు" అన్నాడు.

నేను బెల్లం ముద్ద లోపల పెట్టి, మరునాటినుంచి వస్తానని చెప్పాను.

పాఠం అంగట్లోనే, తెల్లవారాక తలుపులు తీయకముందు. ఇంగ్లీషు మాటలు కాబట్టి అవ్వకు అర్థం కావు, కాబట్టి పట్టింపు ఉండదని మా ఇద్దరి లెక్క. నైదర్‌తో మొదలుపెట్టాను. నైదర్ వస్తే దాని వెనక నార్ తప్పకుండా రావాలి సావుకారూ, ఐదర్ వస్తే ఆర్ రావాలి, ఒకదాని పెళ్ళాన్ని ఇంకొకదానికి కట్టబెట్టకూడదని చెప్పాను. ఆయనకు బాగా అర్థమైంది. గట్టిగా ఒక వాక్యం చదివించాను: నైదర్ రైస్ నార్ సాల్ట్ ఈజ్ ఇన్ ది హౌస్.

అవ్వ బొరుగులు చెరుగుతూ ఉన్నదల్లా ఆపింది.

"యేందప్పా అది, పొద్దన్నే ఇద్దరూ మంత్రం మాదిరి సదవతాండారు? అర్థం సెప్పు."

అయ్యవారి బుద్ధి ఎక్కడికి పోతుంది. ఎవరైనా అర్థం అడిగితే చెప్పకుండా ఉండలేను. "ఇంట్లో బియ్యమూ లేదు, ఉప్పూ లేదు అని అవ్వా" అన్నాను.

అవ్వ చేట కింద పెట్టింది. గోడ పట్టుకొని లేచింది. లోపలికి పోయి చెంబులో పసుపునీళ్ళు తెచ్చి మొదట అంగడికి చల్లింది, తర్వాత కొడుక్కు చల్లింది, తర్వాత నాకు, చివర నా గ్రామరు పుస్తకానికి. ఆ పుస్తకం ఇంకా నా దగ్గరుంది. నైదర్, నార్ ఉన్న పేజీ ఇప్పటికీ పచ్చగానే ఉంటుంది.

మరునాడు జాగ్రత్తపడి, పైకి 'లేదు' కనపడని మాట ఎత్తుకున్నాను. అన్‌లెస్. ఇందులో లేదు లోపలే దాగి ఉంటుంది, మళ్ళీ పైనుంచి ఇంకొక నాట్ తగిలించకూడదని చెప్పాను. సావుకారు మురిసిపోయాడు. తనకు కావలసిన మాట అదేనన్నాడు. వాన రాకపోతే చెరువు నిండదు అనే వాక్యం రాయించాను. అవ్వ అర్థం అడిగింది. చెప్పాను.

"వాన రాకపోతే అనేదెందుకప్పా? వానొస్తే సెరువు నిండుతాది అని సెప్పు. రెండూ ఒగటే గదా" అంది.

ఒకటే. నేను పేజీ తిప్పేశాను. తర్వాత లెస్ట్ చెప్పాను. ఏదో చెడు జరుగుతుందేమోనని ముందుజాగ్రత్త పడేటప్పుడు వాడే మాట అది, దాని వెనక షుడ్ రావాలి, దీనికి కూడా నాట్ పెట్టకూడదు. జారిపడతానేమోనని మెల్లగా నడిచాను అనే వాక్యం అవ్వకు ఒక్కటే నచ్చింది. మంచి మాట, ముసలోళ్ళకు పనికొచ్చే మాట అంది. నేను ఉత్సాహపడి అతనూ పోలేదు, నేనూ పోలేదు అనే వాక్యం ఎత్తుకున్నాను. "ఇద్దురమూ ఇంటికాడనే ఉంటిమి అను, యేం పోయింది" అంది అవ్వ. వారం తిరిగేసరికి ఒక్క అక్షరం ముక్క రాని ఆ మనిషి నా గ్రామరు పుస్తకంలో ఒక అధ్యాయం అవసరమే లేదని తేల్చేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికి పోయి అక్కతో ఆ ముసలామె చస్తేగానీ ఆ అంగట్లో ఇంగ్లీషు అడుగుపెట్టదన్నాను. అక్క నా నోటి మీద కొట్టింది. ఆ మాట అన్నందుకు నేను ఇప్పటికీ బాధపడతాను.

అంగట్లో కుదరదని తేలాక కాణిపాకం రోడ్డు పట్టాం. తెల్లవారుతూనే ఇద్దరం ఊరు దాటి నడుస్తూ పాఠం చెప్పుకొని, ఎండ ఎక్కకముందే వెనక్కి తిరిగేవాళ్ళం. రోడ్డుమీద సావుకారు నోరు బాగా విచ్చుకుంది. బెల్లం బండ్లు ఎదురొస్తే బండ్లకు, గేదెలు ఎదురొస్తే గేదెలకు నైదర్, నార్ అని చేతులు ఊపుతూ చెప్పేవాడు. ఒక బండివాడు ఈయన తనను దారి అడుగుతున్నాడనుకొని కాణిపాకం తిన్నగా పొమ్మని చూపించాడు.

చిక్కు అక్కడే వచ్చింది. కాణిపాకం దేవుడు ప్రమాణాల దేవుడు. ఆ గుళ్ళో అబద్ధం చెప్పినవాడు బాగుపడడని మా వైపు అందరికీ నమ్మకం. సావుకారు దృష్టిలో ఆ రోడ్డు కూడా గుడి కిందికే వస్తుంది. నార్ వెనక ఎవరుంటే క్రియ వాళ్ళ మాట వినాలి అనే సూత్రం నేర్పడానికి, మా అన్నా దొంగ కాదు, నేనూ దొంగను కాదు అనే వాక్యం ఇచ్చాను. నైదర్ మై బ్రదర్ నార్ ఐ యామ్ ఎ థీఫ్. సావుకారు రోడ్డు పక్కన నిలబడిపోయాడు.

"నాకు అన్న ల్యాడు గదయ్యోరా."

"వాక్యానికి కావాలి సావుకారూ. ఉన్నాడనుకోండి."

"ఈ రోడ్డుమింద ఉండాడనుకునేది యెట్ల? ఇంగొగటి. సిన్నప్పుడు నేను మా మామోళ్ళ తోటలో రెండు టెంకాయలు దించుకొనుంటి. నేను దొంగను గాదని సెప్పలేను."

"అయితే కాకిని పెట్టుకోండి. నైదర్ ది క్రో."

"కాకి దొంగే గదా."

"పిల్లి?"

ఆయన నన్ను జాలిగా చూశాడు. పిల్లి విషయం తర్కించవలసిన పని కూడా లేదు. అటూ ఇటూ చూసి, ఎదురుగా వస్తున్న గేదెనూ, రోడ్డు పక్కనున్న మైలురాయినీ చూపించాను. గేదె చేలో పడి మేస్తుంది కానీ దాన్ని దొంగతనం అనరని కాసేపు వాదించుకొని ఒప్పుకున్నాం. నైదర్ ది బఫెలో నార్ ది మైల్‌స్టోన్ ఈజ్ ఎ థీఫ్. గేదే దొంగ కాదు, మైలురాయీ దొంగ కాదు. ఈ వాక్యం మాత్రం ఆయన గుండెల నిండా గాలి పీల్చుకొని, ఏ భయమూ లేకుండా, ఊరు వచ్చేదాకా చెప్పాడు.

నెల దగ్గర పడింది. రోడ్డుమీద ఆయన ఇంగ్లీషు నా ఇంగ్లీషు కంటే బాగుంది. ఆఫీసరు వచ్చే ముందురోజు పొద్దున, ఒకసారి అంగట్లో చెప్పి చూడండి అన్నాను. ఇద్దరం గడప దాటి లోపలికి వచ్చాం. నేనే ఆఫీసరు మాదిరి చేతులు వెనక్కి కట్టుకొని, హ్యావ్ యూ షుగర్ అని అడిగాను. ఆయన నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు.

"టుమారో, సర్. గుడ్ జాగరీ, సర్" అన్నాడు.

ఇంకో నాలుగుసార్లు అడిగాను. నాలుగుసార్లూ అదే. ఆఖరిసారి నాకు మజ్జిగ కూడా తెప్పించాడు. నలభై ఏళ్ళుగా ఆ గడప లోపల పలకని మాట నాలుక మీదికి ఎక్కడం లేదు. ఆయన తుండుతో ముఖం తుడుచుకొని, మూటల వెనక్కి పోయి నిలబడ్డాడు. ఏడుస్తున్నాడేమోనని నేను అటు పోలేదు.

నేరుగా అవ్వ దగ్గరికి పోయాను. బతిమాలుదామనే పోయాను కానీ, కోపమే ముందు వచ్చింది.

"ఒక్క పూటకు ఆ మాట అననీ అవ్వా. రేపు అనకపోతే అంగడే ఉండదు. నీ పట్టుదల ఎవరికి పనికొస్తుంది?"

అవ్వ నన్ను కూర్చోమని చేట జరిపింది. నా చేతిలో బొరుగులు పోసింది.

"వీణ్ణి సంకనేసుకొని ఇల్లిల్లూ తిరిగినాను నాయనా, వీళ్ళ నాయన పొయినంక. పిడికెడు గింజలడిగితే ఆ మాటే. పని అడిగితే ఆ మాటే. ఒగరింట్లో కుండ నిండా అన్నం నాకు అగుపిస్తానే ఉండాది, అయినా ఆ మాటే అనిరి. ఆ మాట కడుపునిండా యిన్నాను. బొరుగుల గంప పెట్టుకున్న పొద్దు అనుకొంటి, నా కాడికి వచ్చినోళ్ళకు ఆ మాట యినిపీగూడదని. సరుకు అయిపోతే అయిపోనీ. ఆ మాట యెందుకు సెప్పాల?"

బొరుగులు నా చేతిలోనే ఉండిపోయాయి. నేను నెల రోజులుగా ఆమెది చాదస్తమనుకున్నాను. నా మీద నాకే సిగ్గేసింది. ఇంకేమీ అడగకుండా, బొరుగులు తిని ఇంటికి పోయాను.

మరునాడు ఆఫీసరు వచ్చేసరికి నేను అంగట్లో ఒక మూలన, కందిపప్పు కొనేవాడి మాదిరి నిలబడి ఉన్నాను. గుమాస్తాను నోరు మూసుకోమని ముందే చెప్పి ఆఫీసరు అడిగాడు. చక్కెర ఉందా, లేదా?

సావుకారు చేతులు కట్టుకున్నాడు. "అన్‌లెస్ ది లారీ కమ్స్, సర్" అన్నాడు.

లారీ రాకపోతే ఏమిటి అన్నాడు ఆఫీసరు.

"అన్‌లెస్, సర్" అన్నాడు సావుకారు. అవతలి ముక్కలో నాట్ ఉంది. అది చెప్పాలంటే నోరు రాదు. గడప లోపల చెల్లే ఇంకో మాట వెతుక్కొని, "లెస్ట్, సర్" అన్నాడు. వాక్యం అక్కడితో అయిపోయింది. నేను కందిపప్పులో చేతులు ముంచి కళ్ళు మూసుకున్నాను. ఆఫీసరు గుమాస్తా చేతిలోంచి కాగితం లాక్కొని, కలం మూత తీశాడు.

"దొర యేమంటాండాడప్పా?" అని అవ్వ గుమాస్తాను అడిగింది.

గుమాస్తా ఆఫీసరు వైపు భయంగా చూసి, "ఉందో లేదో ఒక్క మాట తిన్నగా చెప్పమంటున్నాడవ్వా" అన్నాడు.

"ఆ మాట ఈడ అనొద్దు. ఒగ మాట సెబితే సాలునా? సెబితే పోతాడా?"

"చాలు."

"అయితే వీధిలోకి పొయ్యి సెప్పుకోరా" అంది అవ్వ కొడుకుతో. "నా అంగడి గడప దంకానే గదా. వీధి నాదా?"

మూడు వారాలు కాణిపాకం రోడ్డు తిరిగిన నాకూ, నలభై ఏళ్ళు ఆ అంగట్లోనే పెరిగిన ఆయనకూ ఆ ఆలోచన రాలేదు. నేను బి.ఏ. ప్యాసైనవాణ్ణి. సావుకారు ఒక్క గెంతులో గడప దిగి వీధి మధ్యకు పోయి, "కమ్ సర్, స్ట్రీట్ సర్" అని రెండు చేతులా పిలిచాడు. ఆఫీసరుకు ఏమీ అర్థం కాక, కలం చేత్తో పట్టుకొని దిగాడు. వెనకే గుమాస్తా, వెనకే నేను. పక్క అంగళ్ళవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు.

సావుకారు గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

"నైదర్ షుగర్ నార్ కెరోసిన్ ఈజ్ ఇన్ మై షాప్, సర్" అన్నాడు.

చక్కెరా లేదు, కిరసనాయిలూ లేదు. వీధి చివరిదాకా వినపడింది. అక్కడితో ఆపి ఉంటే సరిపోయేది. కానీ నలభై ఏళ్ళ 'లేదు'లు లోపల పేరుకొని ఉన్నాయి కదా, ఒకదాని వెనక ఒకటి తోసుకొని వచ్చాయి. బియ్యం లేదన్నాడు, గోధుమలు లేవన్నాడు, ఆయన ఎన్నడూ అమ్మని గుర్రపు దాణా కూడా లేదన్నాడు. అన్నిటికీ నైదర్ వెనక నార్ పడింది. నైదర్ ది బఫెలో నార్ ది మైల్‌స్టోన్ ఈజ్ ఎ థీఫ్ అన్నాడు. ఆఫీసరు చుట్టూ చూశాడు. అక్కడ గేదె లేదు, మైలురాయీ లేదు.

సావుకారు గడప లోపల కూర్చున్న తల్లి వైపు చూశాడు.

"నైదర్ మై మదర్ నార్ ఐ యామ్ ఎ థీఫ్, సర్" అన్నాడు.

ఆ వాక్యం నేను నేర్పలేదు. అన్న చోట అమ్మను తనే పెట్టుకున్నాడు. టెంకాయల సంగతి కాణిపాకం దేవుడికి ఎలా సర్దిచెప్పుకున్నాడో నాకు తెలియదు. నార్ వెనక ఐ, ఐ వెనక యామ్ పడ్డాయి. గొంతు వణికింది కానీ వ్యాకరణం వణకలేదు.

మరి మూటలో ఆ గుప్పెడు చక్కెర ఎందుకని ఆఫీసరు ఇంగ్లీషులో అడిగాడు. ఈసారి గొంతు అంత గట్టిగా లేదు.

"లెస్ట్ ది బ్యాగ్ షుడ్ బి ఎంప్టీ, సర్."

మూట ఖాళీ అయిపోతుందేమోనని. ఆఫీసరు కలానికి మూత పెట్టాడు. తర్వాత గడప ఎక్కి లోపలికి పోయాడు. మూట విప్పి ఆ గుప్పెడు చక్కెరను చూసి, మూతి తనే కట్టాడు. అవ్వ చేటలోంచి బొరుగులు తీసి పెడితే చెయ్యి చాపి తీసుకున్నాడు. కాగితం మడిచి గుమాస్తాకిచ్చి, లారీ ఎప్పుడు వస్తుందో ఆఫీసులో కనుక్కోమన్నాడు. బయటికి పోతూ, నీకు ఇంగ్లీషు చెప్పింది ఎవరని సావుకారును అడిగాడట. సావుకారు నన్ను చూపించేసరికి నేను మళ్ళీ కందిపప్పులో చేతులు పెట్టుకొని ఉన్నాను.

లైసెన్సు నిలిచింది. సావుకారుకు మాత్రం అప్పటినుంచి కొత్త అలవాటు పట్టుకుంది. సరుకు లేకపోతే కొనడానికి వచ్చిన మనిషిని భుజం మీద చెయ్యి వేసి వీధిలోకి తీసుకుపోయి, అక్కడ నైదర్ నార్ అని చెప్పి, మళ్ళీ లోపలికి తీసుకొచ్చి బొరుగులు పెట్టించి పంపేవాడు. కొన్నాళ్ళకు వీధిలో అందరికీ తెలిసిపోయింది. సావుకారు గడప దిగుతున్నాడంటే చాలు, సంచి మడిచి చంకలో పెట్టుకొనేవాళ్ళు. ఇంగ్లీషు వినేదాకా కూడా ఆగేవాళ్ళు కాదు.

నాకు రేణిగుంట రైలు స్టేషన్‌లో గూడ్సు గుమాస్తా పని దొరికింది. అక్కడ నైదర్, నార్ తప్పుగా రాసేవాళ్ళు తొమ్మిదిమంది ఉండేవాళ్ళు, నేను ఎవరినీ దిద్దలేదు. చిత్తూరు వచ్చినప్పుడల్లా అంగడికి పోయేవాణ్ణి. సావుకారు దూరం నుంచే "రా అయ్యోరా, లోపలికి రా" అని కేకేసేవాడు. అవ్వ చేట జరిపేది. ఈమధ్య యేం మంత్రం సదవతాండావు నాయనా అని అడిగేది.

రెండేళ్ళు గడిచాక, ఒకసారి కొంచెం ఎక్కువ రోజులు రాలేకపోయాను. ఆ తర్వాత వచ్చినప్పుడు, అవ్వకని కొండమీది లడ్డు ఒకటి కాగితంలో చుట్టుకొని తెచ్చాను. అంగడి ముందుకు పోయేసరికి సావుకారు పప్పు తూస్తున్నాడు. నన్ను చూశాడు. కేకెయ్యలేదు. త్రాసు కింద పెట్టాడు. తుండు భుజాన వేసుకున్నాడు. గడప దిగి వీధిలోకి వచ్చాడు.

నేను ఆరోజు కొనడానికి ఏమీ రాలేదు. ఆయన దిగుతుండగానే లడ్డు పొట్లం రెండు చేతులా పట్టుకున్నాను.

"నైదర్ ఇన్ ది షాప్ నార్ ఇన్ ది హౌస్, అయ్యోరా" అన్నాడు.

అంగట్లోనూ లేదు, ఇంట్లోనూ లేదు. ఆ మాట తెలుగులో చెప్పడం ఆయన చేత కాలేదు. వాక్యంలో దిద్దడానికి ఏ తప్పూ లేదు. నాకు ఏడుపు వచ్చింది. నడివీధిలో నిలబడి ఏడ్చాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, ఎప్పుడూ అందరికీ చేసినట్టే, మళ్ళీ లోపలికి తీసుకుపోయాడు.

గడప లోపల గోనెపట్టా పరిచే ఉంది. ముందర చేట ఉంది. పట్టా మీద, అవ్వ కూర్చునే చోట, గుప్పెడు బొరుగులు పోసి ఉన్నాయి. నేను లడ్డు ఆ పక్కనే పెట్టాను.

అంతలో ఎక్కడో పల్లెనుంచి ఒకామె వచ్చింది. చాలా రోజుల తర్వాత ఊళ్ళోకి వచ్చినట్టుంది. చేట వైపు చూసి, "అవ్వ యాడప్పా?" అంది.

సావుకారు గడప వైపు చూశాడు. త్రాసు చేతిలోకి తీసుకున్నాడు, దిగలేదు.

"రేపొస్తాదిమ్మా" అన్నాడు.

ఆమె బొరుగులు కొంగున కట్టించుకొని, సరే, రేపు మళ్ళీ వస్తానని చెప్పి పోయింది.